ప్లానులో లేని బల్ల

మరిది ప్లాను కాగితం తెచ్చి సరాసరి వదిన బల్ల మీదే పరిచాడు. ఇల్లంతా వదిలేసి, నేలంతా వదిలేసి, ఆవిడ సగం చుట్టి పెట్టుకున్న రాగి కాయిల్స్ మీద పరిచాడు. ఒక మూల లేస్తుంటే అణిచిపెట్టడానికి ఇంకో కాయిల్ తీసి బరువుగా కూడా పెట్టాడు. ఈ కట్టబోయే కట్టడం ఏ తీరుగా ఉంటుందో ఆవిడకి అక్కడే తెలిసిపోయింది.

వాళ్ళది కాలిపోయిన మోటార్లు బాగుచేసే షెడ్డు. నీళ్ళ మోటారు కానీ, పిండిమర మోటారు కానీ, పొగ వచ్చిందంటే ఇక్కడికి రావలసిందే. మొగుడు విప్పుతాడు. ఇద్దరు పనివాళ్ళు మోస్తారు, బిగిస్తారు. మరిది బిల్లు రాస్తాడు, చొక్కా నలక్కుండా. ఇక నడిమి పని ఉంది చూశారూ, మాడిన తీగ కోసి తీసి, పాత చుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి, అన్నే చుట్లు కొత్త తీగతో చుట్టివ్వటం, అది ఇరవై రెండేళ్ళుగా వదినది. పనివాళ్ళకీ ఆవిడ వదినే, సరుకు తెచ్చేవాళ్ళకీ వదినే. తీగ తలవెంట్రుక కంటే ఓ పిసరు లావుంటుంది. ఒక చుట్టు తప్పినా, గోరు తగిలి పైపూత గీసుకుపోయినా ఆ మోటారు వారం తిరక్కుండా మళ్ళీ పొగ కక్కుతుంది. ఆవిడ చుట్టినవాటిలో తిరిగొచ్చింది ఒక్కటే, పెళ్ళయిన రెండో ఏడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆవిడే చెబుతుంది.

ఇంత పనికీ ఆవిడకున్న ఆధారం వెనక గదిలో ఉత్తరపు కిటికీ. నీడలు పడని చల్లటి వెలుతురు. లైటు కింద రాగి మెరుస్తుంది, పూత మీద గీత కనబడదు. కళ్ళు కూడా మునుపటంత చురుగ్గా లేవు. ఆ కిటికీ ఉన్నన్నాళ్ళే తనకీ పని ఉంటుందని ఆవిడకి తెలుసు.

"చూడు అన్నయ్యా," అని మరిది పెన్ను మూతతో చూపిస్తున్నాడు. "కింద షెడ్డు, ఇరవై గజాల పొడుగు. పైన మనం ఉండటానికి ఇల్లు. ముందువైపు అద్దాల గది, ఆఫీసు. పక్కన వచ్చినవాళ్ళు కూర్చునే హాలు. ఇది మీటింగు గది."

"ఎవరితో మీటింగు?" అంది వదిన.

"పార్టీలు వస్తారు కదా వదినా."

షెడ్డుకి వచ్చే పార్టీ ఎవరయ్యా అంటే పిండిమర ఆయన. ఆయన వస్తే గుమ్మంలోనే నిలబడి, "అయిందా, ఎప్పుడవుతుంది?" అని రెండు మాటలు అరిచి పోతాడు. ఆయన కోసం పన్నెండు కుర్చీలట! వదిన నవ్వు ఆపుకోలేదు. ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

"బాగుంది. మరి నా బల్ల ఎక్కడ?"

"ఏ బల్ల?"

"నువ్వు మోచెయ్యి ఆనించావే, ఆ బల్ల."

మరిది గబుక్కున చెయ్యి తీశాడు. ప్లాను మీద కళ్ళు అటూ ఇటూ తిప్పాడు. మోటార్లు చుట్టే షెడ్డుకి ప్లాను గీయించి, చుట్టే చోటు మాత్రం గీయించలేదు మహానుభావుడు. అన్నం వేళకి అన్నం కనబడినట్టు, కాయిల్స్ కూడా వాటంతటవే వచ్చి పడతాయని అనుకున్నాడు కాబోలు.

"పైన వంటింట్లో వేసుకుందువులే వదినా."

"వంటింటికి కిటికీ ఏదీ?"

"తీసేశాం. అటు పక్క గోడ పొడుగ్గా కలిసొచ్చింది, ఖర్చు తగ్గింది. రెండు లైట్లు పెట్టిస్తాగా!"

వదిన మొగుడి వంక చూసింది. తమ్ముడు నోరు తెరిస్తే చాలు, ఆయనకి లోకం కనబడదు. "వాడు కష్టపడి గీయించాడు కదా," అని నసిగాడు. మోటారు మూత విప్పితే లోపలి రోగం వాసన పట్టే మనిషి, తమ్ముణ్ణి మాత్రం ఎప్పుడూ మూత విప్పి చూడలేదు.

ఆ తర్వాత మూడు వారాలు అంచనాలే అంచనాలు. ఇంజనీరు రావటం, మరిది ఏదో ఒకటి కలపటం, మొత్తం పెరగటం. పెరిగినప్పుడల్లా పై ఇంటికి కత్తెర. పేరు బోర్డుకి వెలిగే అక్షరాలు అన్నాడు, పడకగది రెండడుగులు తగ్గింది. గుండ్రంగా తిరిగే కుర్చీ, నల్లరాయి బల్ల అన్నాడు, బట్టలారేసుకునే వసారా ఎగిరిపోయింది. ఆఫీసుకి రంగుటద్దాలు అనేసరికి స్నానాలగది ఎంతకి దిగిందంటే, తలుపు మూయాలంటే మనిషి బయటికి రావాలి. ఇదంతా చూసి ఇంజనీరు కూడా గొంతు సవరించుకున్నాడు గానీ, డబ్బిచ్చేవాడి మాట కాదనలేక గీసుకుపోయాడు.

వదిన ఒక్కసారి మాత్రం అడిగింది. "ఒక్క కిటికీ పెట్టడానికి ఎంతవుతుంది బాబూ?"

ఇంజనీరు చెప్పాడు. బోర్డు మీద ఒక్క అక్షరం ఖరీదు కూడా లేదు.

"బడ్జెట్ సంగతి నీకు తెలియదు వదినా, ఊరుకో," అన్నాడు మరిది.

"నిజమే నాయనా. నాకు వెయ్యి దాకానే లెక్క వచ్చు. మోటారుకి అంతకు మించి చుట్లు పట్టవు మరి."

వదిన బల్ల దగ్గరికెళ్ళి కూర్చుంది. కానీ ఆ రోజు లెక్క రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ మొదటికొచ్చింది.

అప్పు ఇచ్చే ముందు చూసుకోవాలని బ్యాంకు ఆఫీసరమ్మ ఒక ఉదయం వచ్చింది. మరిది కొత్త చొక్కా వేసుకుని, ప్లాను మళ్ళీ ఆ బల్ల మీదే పరిచాడు. మళ్ళీ కాయిల్స్ మీదే. ఆఫీసరమ్మ అద్దాల గది గురించి వినలేదు, మీటింగు గది గురించి వినలేదు. కాగితాలు తిప్పి ఆదాయం పేజీ దగ్గర ఆగింది.

"మీ రాబడిలో ముప్పాతిక వంతు చుట్టే పని మీదే వస్తోంది కదా. చుట్టే మనిషి ఎవరు?"

"మేమే మేడమ్," అన్నాడు మరిది.

"పనివాళ్ళ పేజీలో నలుగురున్నారు. వీళ్ళలో ఎవరు?"

మరిది ఆ పేజీని పైనుంచి కిందికి మళ్ళీ చదివాడు. మొగుడు తన చేతుల్లోని గ్రీజు మరక కేసి చూసుకుంటున్నాడు.

"పోనీ, ప్లానులో చుట్టే చోటు చూపించండి."

మరిది వేలు ఆఫీసు మీద నుంచి హాలు మీదికి, హాలు మీద నుంచి మీటింగు గది మీదికి, అక్కణ్ణుంచి మెట్లెక్కి వంటింటి దాకా పోయి ఆగింది. "వదినా, నువ్వు చెప్పు మేడమ్‌గారికి. వంటింట్లో నీకు సుఖంగా ఉంటుందని!"

ఒక్క అబద్ధం ఆడితే పరువు నిలుస్తుంది. రేపటికి అప్పు చేతికొస్తుంది. కిటికీ లేని గదిలో బల్ల పడుతుంది. వదిన మరిది మొహం కేసి చూసింది. ఇరవై రెండేళ్ళు తను చుట్టిన తీగ మీద బతికి, ఆ తీగ కొస ఎక్కడుందో కూడా ఎరగని మొహం.

"చుట్టేది నేనమ్మా," అంది. "ఈ ప్లానులో మాత్రం నాకు చోటు లేదు. వంటింటికి వెలుతురు లేదు. అది కట్టిన రోజు నుంచి వీళ్ళు ఎవరితో చుట్టించుకుంటారో వీళ్ళనే అడగండి."

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి, కిటికీ కేసి చూసింది, బల్ల కేసి చూసింది. "ప్లాను మార్చి తీసుకురండి. అప్పుడు మాట్లాడదాం," అని లేచింది.

ఆవిడ గడప దాటిందో లేదో మరిది విరుచుకుపడ్డాడు. "ఇంటి పరువు తీశావు వదినా!"

"పరువుకి ఎన్ని అడుగులు రాశావు నాయనా ప్లానులో? చూపించు, తగ్గిద్దాం."

మొగుడు పక్కకి తిరిగి దగ్గాడు. అది నవ్వని వదినకి తెలుసు. ఆయన బిల్లు పుస్తకం పక్కనున్న ఎర్ర పెన్సిలు తీసి, పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళకి ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే.

ముందువైపు అద్దాల గది ఉత్తరం మొహంగా ఉంది. వదిన 'రంగుటద్దాలు' అన్న మాట కొట్టేసి, దాని మీద అడ్డంగా ఒక బల్ల గీసింది. బల్లంటే బల్లే, నాలుగు కాళ్ళతో సహా.

"అది నా ఆఫీసు!" అని కేకేశాడు మరిది.

"నీ కుర్చీ ఎటైనా తిరుగుతుందన్నావుగా. మెట్ల కింద వేసుకో. బిల్లు రాయటానికి రెండు లైట్లు చాలు."

ప్లాను చుట్ట చుట్టి మొగుడి చంకలో పెట్టింది, ఇంజనీరు దగ్గరికి పొమ్మని. కాగితం కింద నలిగిన కాయిల్స్ బయటపడ్డాయి. ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. పూత గోటి గీతంత మేర తెల్లగా లేచింది. పక్కన పడేసి, కొత్త తీగ కొస పట్టుకుని కూర్చుంది.

"ఒకటి," అంది.