కొరివవ్వకు పద్దెనిమిదేళ్లు

దేవిదాస్ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా దగ్గర గుమాస్తా. చెరుకు బండ్లు తక్కువగా వచ్చే రోజుల్లో అదే బల్ల మీద కూర్చుని, పనికిరాని చీటీల వెనుక ఒక జానపద నవల రాశాడు. నాలుగేళ్లు పట్టింది. పేరు ‘ఉప్పుకోట’. నిజామాబాద్‌లో ప్రెస్సు నడిపే రామస్వామి 1966లో దాన్ని ఐదు వందల ప్రతులు అచ్చువేశాడు.

కథ పెద్ద చిక్కుగా ఏమీ ఉండదు. ఒక రాక్షసుడు దేశంలోని ఉప్పంతా ఎత్తుకుపోయి కోటలో పెట్టి తాళం వేస్తాడు. చప్పిడి కూడు తినలేక జనం అల్లాడుతుంటే, రాజు బిడ్డ ఉప్పు తేవడానికి బయల్దేరుతుంది. కోట వాకిట్లో కాపలా ఉండేది కొరివవ్వ అనే ముసలి రాక్షసి. మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు, ఒక కాలు కుంటి, నోరు తెరిస్తే తిట్లు. మొదట రాజు బిడ్డను కూడా తిడుతుంది. ఆ పిల్ల పట్టుదల చూసి మెల్లగా ఆమె వైపు తిరుగుతుంది. ఆ తర్వాత మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా రాక్షసుడితో కొట్లాడుతుంది, కత్తితో కాదు, నోటితో. ఆ నోటికి తట్టుకోలేక రాక్షసుడు తాళంచెవులు పడేసి దేశం విడిచి పోతాడు.

కొరివవ్వ ఎవరో బోధన్ కూరగాయల మార్కెట్లో అందరికీ తెలుసు. దేవిదాస్‌కు తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లి అక్క, అతను పెద్దవ్వ అని పిలిచే భూమవ్వే అతన్ని సాకింది. వంకాయలూ టమాటలూ అమ్మి చదివించింది. ఆమె మొహం మీద మచ్చలున్నాయి, నడుస్తుంటే కాలు ఈడుస్తుంది, ఆమె నోటికి భయపడి బేరగాళ్లు రెండో మాట అనరు. ఆమెకు చదువు రాదు. దేవిదాస్ రాసింది రాసినట్టు చదివి వినిపించేవాడు. కొరివవ్వ తానేనని ఆమెకు రెండో రోజే తెలిసిపోయింది.

“మచ్చలు రాసినవు సరే. పండ్లు అన్ని ఊడినయని రాసినవేంది? నాకు రెండే ఊడినయి,” అంది.

అతను ఆ ఒక్క మాట దిద్దాడు.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఆత్మారాం సేటు ఇంటికొచ్చాడు. ఆయనకు బస్టాండు దగ్గర బట్టల దుకాణం ఉంది. మిత్ర కళా సంఘమని ఒక నాటక బృందం నడుపుతాడు, ఏటా చెరుకు సీజన్ అయిపోయాక ఖాళీ గోదాంలో ఒక నాటకం వేయిస్తాడు. ఈసారి ‘ఉప్పుకోట’ వేద్దామనుకుంటున్నానన్నాడు. దేవిదాస్ ఆ సంతోషంలో ఏమీ అడగలేదు, సరేనన్నాడు. వెనుక గదిలోంచి భూమవ్వ అంతా విన్నది. తెల్లారి మార్కెట్లో ఆమె మొదట చెప్పిన మాట, “నా మీద నాటకం ఏస్తున్నరు.”

దేవిదాస్ డ్యూటీ దిగాక రోజూ రిహార్సల్‌కు వెళ్లేవాడు. మొదటి రోజు సేటు అన్నాడు, “ఆ కుంటుడు తీసేద్దాం. స్టేజీ మీద బల్లలు ఎత్తుపల్లాలున్నయి, ఆర్టిస్టు పడిపోతది.”

దేవిదాస్ ఒప్పుకున్నాడు.

మూడో రోజు మచ్చలు పోయాయి. “మేకప్ మీద మచ్చలు పెడితే చెమటకు కారిపోతయి. జనానికి మసి పూసినట్టు కనిపిస్తది,” అన్నాడు సేటు. దేవిదాస్ కొంచెం వాదించి ఊరుకున్నాడు.

వారానికి రాజు బిడ్డ కాస్తా రాజకుమారుడైంది. ఆ వేషం ఆత్మారాం సేటే వేస్తున్నాడు. ఆయనకు యాభై ఏళ్లు. తలకు నల్లరంగు వేసుకుని, పొట్ట మీద జరీ పట్టా బిగించుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

“సేటు, పుస్తకంల ఆడపిల్ల గద పోయింది?” అన్నాడు దేవిదాస్.

“ఆడపిల్ల ఒక్కతే అడవిల పోతే జనం నమ్మరు.”

“రాక్షసుడు ఉప్పు ఎత్తుకపోయిండంటే నమ్ముతరా?”

సేటు నవ్వి హార్మోనియం వాయించే అతని వైపు తిరిగాడు.

మరో నాలుగు రోజులకు అసలు దెబ్బ పడింది. నిజామాబాద్ నుంచి రాధాబాయి అనే నటిని పిలిపించారు. ఆమె రాగానే సేటు కొత్త కాగితాలు పంచాడు. కొరివవ్వ పేరు కొరివి అయింది. వయసు పద్దెనిమిది. రాజకుమారుడి మీద మనసుపడి పాట పాడుతుంది. చివరికి రాక్షసుడు విసిరిన బల్లేనికి అడ్డం పోయి రాజకుమారుడి ఒళ్లో ప్రాణం విడుస్తుంది. మూడు రోజుల కొట్లాట మొత్తం పోయింది. ఆ చోట ఒక యుద్ధం, రెండు కర్ర కత్తులు.

దేవిదాస్ ఆ కాగితాలు రెండుసార్లు చదివాడు.

“ఇది నా కథ కాదు సేటు. ఆమె నోటి తోటి గెలుస్తది. గది తీస్తే పుస్తకంల ఏమున్నది?”

“అరె భాయ్, ముసల్ది తిట్టుడు సూసేతందుకు పైసలు పెట్టి టికెట్టు ఎవరు కొంటరు? అది ఇంటికాడ ముఫ్తుల దొరుకుతది.”

“అయితే నా పేరు తీసెయ్యి.”

“పేరు పోస్టర్ల మీద పడ్డది. రెంజల్ దాకా అతికించిండ్రు. ఇప్పుడు ఎట్ల తీస్తం?”

దేవిదాస్ ఇంటికి వస్తూ పెద్దవ్వకు చెప్పేద్దామనుకున్నాడు. ఇంట్లో భూమవ్వ పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి మడతలు పోవడానికి దండెం మీద ఆరేస్తోంది. నాటకం రోజు కట్టుకోవడానికట. అతను కాళ్లు కడుక్కుని అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు కూడా చెప్పలేకపోయాడు. ఆ మర్నాడు నోరు తెరిచాడు గానీ, అప్పుడే పక్కింటి ఈరవ్వ వచ్చి, “భూమవ్వా, మాకు ముందట కూసుండనిస్తరా?” అని అడిగింది. “నా పేరు చెప్పుండ్రి,” అంది భూమవ్వ.

ఆదివారం మధ్యాహ్నం గోదాం నిండిపోయింది. చక్కెర బస్తాల వాసన ఇంకా పోలేదు. భూమవ్వ ఆ రోజు కొట్టు మూసేసి, మార్కెట్లో పక్కన కూర్చునే ఆడవాళ్లు తొమ్మిది మందిని వెంటేసుకుని వచ్చింది. ముందు వరసలో చాప పరుచుకుని కూర్చున్నారు. దేవిదాస్ పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అక్కడి నుంచి ఆమె మొహం కనిపిస్తోంది.

కోట రంగానికి తెర లేచింది. ఎర్ర పట్టుచీరలో, మల్లెపూలు పెట్టుకుని రాధాబాయి పాడుతూ వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

“భూమవ్వా, నువ్వెప్పుడొస్తవ్?” అని ఈరవ్వ అడగడం దేవిదాస్‌కు వినిపించింది.

“వస్త. ఇది రాజు బిడ్డ అయ్యుంటది,” అంది భూమవ్వ.

కాసేపటికి రాజకుమారుడు వచ్చి, “ఓ కొరివీ,” అని పిలిచాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భూమవ్వ చీర కొంగు చేతికి చుట్టుకుంటూ స్టేజీ వైపే చూస్తూ కూర్చుంది. కొరివి బల్లెం తగిలి చచ్చిపోతుంటే వెనుక వరసల్లో ఏడ్చారు. కొందరు ఈలలు వేశారు. సేటు చేతుల్లో రాధాబాయి బరువుకు ఆయన మోకాళ్లు వణుకుతున్నాయి, అది కూడా దుఃఖమే అనుకున్నారు జనం.

ఇంటికి వచ్చే దారిలో భూమవ్వ అడిగింది.

“బిడ్డా, నన్ను నువ్వు తీసేసినవా, వాళ్లు తీసేసిండ్రా?”

“వాళ్లే, పెద్దవ్వా.”

“నీకు ముందుగాల ఎరుకనా?”

“ఎరుకే.”

“మరి నాకు చెప్పకపోతివి. తొమ్మిది మందిని తోలుకపోయిన.”

నాలుగు రోజులు ఆమె అతనికి అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మిగతా ఆటలు కూడా ముగిశాక, ఐదో రోజు రాధాబాయి మార్కెట్‌కు వచ్చింది. బస్సు దొరికేలోపు కూరగాయలు కొనుక్కుందామని వచ్చానంది గానీ, ఆమె చంకలో ‘ఉప్పుకోట’ ఉంది. మామూలు నేత చీరలో, మల్లెపూలు లేకుండా, నలభై దాటిన మనిషి అని కనిపిస్తోంది. దేవిదాస్ అప్పుడు కొట్టు దగ్గరే ఉన్నాడు.

“కొరివవ్వ అంటే నువ్వేనట గద, అక్కా?” అని భూమవ్వను అడిగింది.

“ఎవలు చెప్పిండ్రు?”

“అందరు చెప్తున్నరు. నేను వచ్చేటప్పుడు బస్సుల పుస్తకం సదివిన. ముసలామె వేషమే ఇయ్యుమని సేటును అడిగిన. నాకు నలభై మూడేండ్లు. ఎగిరితే మోకాళ్లు నొస్తున్నయి. తిట్టుడు నాకు బాగ వస్తది. కాని సేటు ఇయ్యలే. యాభయ్యేండ్లాయన కుర్రోడు కావాల్నంటే నేను పడుచుదాన్ని గావాలె గద.”

భూమవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. ఒక గోనెసంచి దులిపి పక్కన పరిచింది. రాధాబాయి కూర్చుంది. ఆ బస్సు పోయింది, తర్వాతి బస్సు కూడా పోయింది. ఇద్దరూ కలిసి సేటు పొట్ట దగ్గర్నుంచి కర్ర కత్తుల దాకా దేన్నీ వదల్లేదు. ఆ సాయంత్రం భూమవ్వ ఇంటికొచ్చి, “కట్టెలు తడిసినయి, కనవడతలేదా?” అని దేవిదాస్‌ను కసురుకుంది. అతనికి ప్రాణం లేచి వచ్చింది.

కానీ అసలు విసుగు అప్పుడే మొదలైంది. నాటకం చూసినవాళ్లు పుస్తకం కొనడం మొదలుపెట్టారు. సీజన్ రాగానే కాంటా దగ్గరికి రెంజల్ నుంచి భోజన్న అనే రైతు బండి తోలుకొచ్చాడు. చెరుకు కింద దాచిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

“అయ్యా, ఇది తప్పు పడ్డది. నాటకంల కొరివి సచ్చిపోయింది గద. పుస్తకంల ముసల్దై బతికే ఉన్నది. వేరేది ఉంటే ఇయ్యి.”

“తప్పు కాదన్నా. నేను రాసింది గిట్లనే. వాళ్లే మార్చిండ్రు.”

“నువ్వు సరిగ్గ రాస్తే వాళ్లెందుకు మారుస్తరు?” అన్నాడు భోజన్న, కోపంగా కాదు, నచ్చజెప్పినట్టే. వెనుక ఎడ్లబండ్ల వరస కదలడం లేదు. దేవిదాస్ పుస్తకం తిరిగి ఇచ్చి, తూకం చూశాడు.

అలా వచ్చినవాళ్లు ఆ సీజన్లో పదిహేను మందికి తగ్గరు. కొరివి పాట పుస్తకంలో లేదేమని ఒకాయన అడిగాడు. రాజకుమారుడి పేరు వెతికి వెతికి దొరకలేదని ఇంకొకాయన. దేవిదాస్ మొదట్లో నిలబడి వివరించేవాడు, తర్వాత కూర్చుని వివరించేవాడు, ఆఖరుకు తల ఊపేవాడు.

ప్రతులన్నీ అయిపోయాయని రామస్వామి కబురు పంపాడు. దేవిదాస్ బస్సెక్కి నిజామాబాద్ వెళ్లాడు. రామస్వామి చాయ్ తెప్పించి, మళ్లీ వేద్దామన్నాడు. “ఒక్క పని చెయ్యి. చివరి నాలుగు ప్రకరణాలు నాటకం లెక్క రాసియ్యి. చిన్న మార్పే.”

“నేను రాయ.”

“జనం అడుగుతున్నరు, దేవిదాస్.”

“జనం నాటకం సూసిండ్రు. నాటకం సూడక ముందు పుస్తకం సదివినోళ్లు గట్ల అడగలే. ముసలామె ఉంటేనే ఎయ్యి, లేకుంటే ఎయ్యకు. నేను ఒకసారి నోరు మూసుకున్న, ఇంట్ల నాలుగు రోజులు మాటలు లేవు. మళ్లొక్కసారి నాతోటి కాదు.”

రామస్వామి చాయ్ చల్లారేదాకా ఆలోచించి ఒప్పుకున్నాడు. లోపల ఒక్క అక్షరం మార్చనని మాట ఇచ్చాడు.

మాట తప్పలేదు కూడా. రెండు నెలలకు మూడు వందల ప్రతులు దేవిదాస్ ఇంటికి, అతను అమ్ముకునే వాటా కింద, కట్టలుగా వచ్చాయి. విప్పి చూస్తే అట్ట మీద ఎర్రచీర కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని పడుచుపిల్ల నవ్వుతోంది. లోపల అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దేవిదాస్ కట్టల మీదే కూలబడ్డాడు.

“ఎవలిది?” అని భూమవ్వ అడిగింది.

“కొరివవ్వ.”

ఆమె పుస్తకం తీసుకుని వెలుతురులో పట్టుకుని చూసింది. “సక్కగున్నది పిల్ల,” అని, లోపలికి పోయి పొయ్యి మీద మైదాపిండి ఉడకబెట్టింది. ఈరవ్వ ఇంటి నుంచి పాత పేపర్లు తెచ్చింది.

మూడు ఆదివారాలు ఇద్దరూ కూర్చుని మూడు వందల పుస్తకాలకూ పేపరు అట్టలు వేశారు. అతను కోసేవాడు, ఆమె జిగురు రాసేది. పైన ‘ఉప్పుకోట’ అని అతను సిరాతో రాసేవాడు, కింద తన పేరు రాసేవాడు కాదు. ఎన్ని అమ్ముడుపోతాయో ఇద్దరికీ తెలియదు. “అంచు వంకర వచ్చింది, తియ్యి,” అని ఆమె మధ్యమధ్య తిడుతూనే ఉంది, అతను తీసి మళ్లీ అంటించాడు.