మోకాలెత్తు పైరు

ఎండ ముదిరేకొద్దీ సోలార్ ప్యానెళ్లు టిక్కు టిక్కుమంటాయి. చేనంతా అదే చప్పుడు.

ఆమెకు ఆ చప్పుడు అలవాటైంది. అలవాటు కానిది నీడ... తన చేలోనే, మిట్టమధ్యాహ్నం, చల్లగా నిలబడడం.

చుట్టుపక్కల ఊళ్లు చూస్తుండగానే ప్లాట్లయిపోయాయి. ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఈ ఊరు మాత్రం నిలిచింది. అందరూ కలిసి పొలాలను ఇరవై ఐదేళ్లకు సోలార్ కంపెనీకి కౌలుకిచ్చారు కాబట్టి నిలిచింది. బడి నడుస్తోంది. మరిదికి కాపలా ఉద్యోగం దొరికింది. గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అమ్ముకోలేదు, అదే పదివేలు — అనేవాడు భర్త, పోయేదాకా.

నిజమే. నేల ఎక్కడికీ పోదు. గడువు తీరాక దున్నుకోవచ్చు.

గింజ అంతకాలం ఆగదు.

అత్తగారి చేతి ఎర్రజొన్న. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. ఆరేళ్లు కుండలోనే ఉండిపోయింది. పెరటి రాతినేలలో కాస్త వేసి చూస్తే ఒక్కటీ రాలేదు. మిగిలినదంతా ఈసారి ప్యానెళ్ల వరసల మధ్య చల్లింది.

తొమ్మిది మొలిచాయి.

అక్కడ ఏదైనా వేసుకోవచ్చు, మోకాలెత్తు దాటకూడదు. ప్యానెల్ మీద నీడ పడకూడదు. అదీ షరతు. ఎర్రజొన్న మనిషిని దాటుతుంది.

ఒక్కో కాడనూ వంచి, పాతగుడ్డ పేలికలతో నేలలో దిగ్గొట్టిన మేకులకు కట్టింది. రెండ్రోజులకు చూస్తే... కట్టు దాటిన చోటినుంచి మళ్లీ పైకి. మొండిఘటాలు. మళ్లీ వంచింది. మళ్లీ లేచాయి. మళ్లీ —

మరిది చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, కంకులు వేసేదాకా.

ఇవాళ కొడవలితో వచ్చాడు.

“వదినా, రేపు పెద్దసారు తనిఖీకి వస్తున్నాడు. ఇవి కంటపడ్డాయంటే నా ఉద్యోగం ఉండదు.”

“అన్నీ కొయ్యాలా?”

“అన్నీ. నా చేత్తో వద్దు. నువ్వే కొయ్యి.”

ఆమె ఒక గింజను గోటితో నొక్కింది. పాలు. విత్తనానికి పనికిరావాలంటే ఇంకో నెల కావాలి. ఆ సంగతి అతనికీ తెలుసు. అతనూ ఈ చేలో పెరిగినవాడే.

ఎవరి మీద కోప్పడాలో ఆమెకు తోచలేదు. అందరూ మంచే చేశారు. ఏడుపు మాత్రం వచ్చింది.

మొదటి కాడ కోసింది.

రెండోదాన్ని పట్టుకుని ఆగింది... ఆగు వదినా, అంటాడేమోనని.

అతను అనలేదు.