పాపకి ఎన్నేళ్లండీ?

ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని మా అమ్మాయికి ఆరేళ్లని చెబుతాను. వెంటనే జోషిత ఆరేళ్ల పిల్ల అయిపోతుంది. దాని చెప్పులు కాళ్లకి పెద్దవైపోయి కింద పడతాయి.

పొద్దున ఇంట్లోంచి బయలుదేరినప్పుడు అది తొమ్మిదేళ్ల పిల్ల. ట్రావెల్స్ యజమాని వీరభద్రం గారు బల్ల అవతలి నుంచి లేచి వచ్చి, ఆ చెప్పులు తీసి మూలనున్న అట్టపెట్టెలో వేస్తారు. అందులో ఇంకా చాలా చెప్పులున్నాయి. అన్నీ పిల్లలవే.

"కంగారు పడకండమ్మా," అంటారాయన. "సింగపూర్ ప్యాకేజీకని వచ్చి పిల్లల్ని తగ్గించుకోనివాళ్లు లేరండి. ఏదో మన వీలుని బట్టి."

నాకింకా కంగారు లేదు. బస్సులోనైనా, ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం దగ్గరైనా పిల్లల వయసు రెండు మూడేళ్లు తగ్గించి చెప్పడం మా ఇళ్లలో అబద్ధం కిందికి రాదు. కూరగాయల దగ్గర కొసరడగడం ఎలాగో ఇదీ అలాగే. కాకపోతే కాకినాడ బస్సుల్లో మేం తగ్గిస్తే మాట తగ్గేది, పిల్ల తగ్గేది కాదు.

సింగపూర్ పార్కులో తలకిందుల రైలుంది. అది గుండ్రంగా పైకి వెళ్లి, మనుషుల్ని తలకిందులు చేసి, మళ్లీ కిందికి తెస్తుంది. జోషిత దాని బొమ్మ మా హాలు గోడంతా గీసింది. ఆ రైలెక్కాలంటే గేటు దగ్గర చెయ్యి చాపి నిలబడ్డ చెక్క ఎలుగుబంటి అరచేతికి పిల్ల తల తగలాలట. తొమ్మిదేళ్ల జోషితకి తగులుతుంది. అదే మా ధైర్యం.

"అమ్మా, ఆరేళ్లయితే నన్ను రైలెక్కనివ్వరు కదా," అంటుంది జోషిత. ముందు పళ్లు రెండూ లేవు.

"అక్కడికెళ్లాక మళ్లీ తొమ్మిదని చెప్పేద్దాంలే."

వీరభద్రం గారు తల అడ్డంగా ఊపుతారు. "చెప్పిన వయసు వెనక్కి తీసుకోడానికి ఉండదమ్మా. నాన్ రిఫండబుల్."

అప్పుడు మొదటిసారి నాకు కంగారు పుడుతుంది. పక్క కుర్చీలో ఉన్న మా ఆయనకి ఆ మాట వినపడినట్టు లేదు. ఆయన తేదీల గురించి అడుగుతున్నాడు.

"వేసవి సెలవుల్లో అందరూ ఎగబడతారండి లింగేశ్వర్రావు గారూ," అంటారు వీరభద్రం గారు. "ఆషాఢమైతే చౌక. ఇంకా చౌకగా కావాలంటే అధికమాసం."

మా ఆయన కుర్చీ ముందుకి జరుగుతుంది. చౌక అన్న మాట వింటే ఆయన కుర్చీలు వాటంతటవే జరుగుతాయి.

"అధికమాసంలో జనం ఉండరా?"

"జనం ఉండరండి. రోజులూ ఉండవు. పార్కు పొద్దున తెరిచి, ఆ పొద్దునే మూసేస్తారు."

"మరి టిఫిను?"

"టిఫిను ఉంటుందండి."

టిఫిను ఉంటుందంటే మా ఆయన అధికమాసానికి ఒప్పేసుకుంటాడు. గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో రెండు కాగితాల మధ్య ఒక ఖాళీ కాగితం పుట్టుకొస్తుంది. వీరభద్రం గారు దాని మీద మా ఇంటిపేరు రాస్తారు.

తరవాత విమానాలు. మా ఆయన తిన్నగా వెళ్లేది వద్దంటాడు, కొలంబోలో ఆగి వెళ్లేది చూడమంటాడు. ఆఫీసు కొంచెం పొడుగవుతుంది. వీరభద్రం గారి బల్ల వెనక్కి జరిగి, మధ్యలో స్టీలు బెంచీలు వస్తాయి. బ్యాగులు తలకింద పెట్టుకుని జనం వాటి మీద నిద్రపోతున్నారు. కౌలాలంపూర్‌లో కూడా ఆగితే ఇంకేమైనా తగ్గుతుందా అని అడుగుతాడు మా ఆయన. తగ్గుతుంది. ఆఫీసు మళ్లీ పొడుగవుతుంది. ఇప్పుడు వీరభద్రం గారు బొటనవేలంత కనిపిస్తున్నారు, ఇద్దరూ కేకలేసుకుని మాట్లాడుకుంటున్నారు.

"పాపకి ఎన్నేళ్లన్నారండీ?" అని అంత దూరం నుంచి వినిపిస్తుంది.

"నాలుగు!" అని అరుస్తాడు మా ఆయన. నావైపు తిరిగి, "నాలుగేళ్ల వరకూ హోటల్లో అన్నీ ఫ్రీయటే," అంటాడు.

జోషిత భయమేసినప్పుడు ఎక్కాలు చెప్పుకుంటుంది. ఇప్పుడూ ఏడో ఎక్కం చెప్పుకుంటోంది. "ఏడు మూళ్లు..." అని ఆగిపోతుంది. గౌను చేతులు దాని వేళ్లు దాటి వేలాడుతున్నాయి. కాసేపు ఆలోచించి, "అమ్మా, ఏడంటే ఏంటి?" అని అడుగుతుంది.

"ఏమండీ, ఇంక చాలు," అంటాను. "దాన్నలా తగ్గించుకుంటూ పోకండి. మీకు దణ్ణం పెడతాను."

"ఊరుకోవే. ఈ తిప్పలన్నీ దానికోసం కాదేంటి? మిగిలిందంతా అక్కడ దానికే పెడదాం."

ఆయన చెడ్డవాడు కాదు. పిల్లని ఆ రైలెక్కించాలని ఏడాదిగా బయట టీ తాగడం మానేశాడు. కానీ తగ్గించడంలో ఒక రుచి ఉంది, అది నాలిక్కి తగిలితే మనిషి ఆగడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మాకు ఉన్న పిల్లే ఊడేటట్టుంది.

"ఒళ్లో కూర్చునే పిల్లయితే సీటే అక్కర్లేదండీ!" అని దూరం నుంచి కేక.

నేను మా ఆయన నోరు మూయబోతాను. నా చెయ్యి ఆయన్ని చేరడానికి చాలాసేపు పడుతుంది, ఎందుకంటే మా ఇద్దరి మధ్య కూడా ఆఫీసు పొడుగవుతోంది. "ఏడాదిన్నర!" అనేశాడు.

జోషిత నా ఒళ్లో ఉంది. గౌను దానికి దుప్పటిలా చుట్టుకుపోయింది. నావైపు చూసి "రై" అంటుంది. రైలు అనబోయి అంతవరకే అనగలిగింది. ఆ తరవాత మాటలు లేవు. పాలవాసన వస్తోంది. నాకు ఏడుపు ఆగడం లేదు.

పిల్లని భుజాన వేసుకుని బల్లవైపు నడుస్తాను. ఎవరి మాటతో తగ్గిందో వాళ్ల మాటతోనే పెరగాలి. ఎదురుగా నిలబడి తొమ్మిదని గట్టిగా చెబుతాను, ఫుల్ టికెట్ తీసుకుంటాను, ఇంక దేనికీ కక్కుర్తి పడను. నడుస్తూ ఇదే అనుకుంటున్నాను.

కొలంబో బెంచీల దగ్గర ఒకావిడ లేచి కూర్చుంటుంది. ఆవిడ ఒళ్లో బిడ్డ నోట్లో వేలేసుకుని పడుకున్నాడు.

"మీ పాప ఏం చదువుతోందండీ?" అని అడుగుతుంది.

"నాలుగో తరగతి. మీవాడు?"

"ఇంటరు సెకండియరండి. మ్యాథ్స్ బాగా చేస్తాడు." బిడ్డ మూతి కొంగుతో తుడుస్తుంది. "పార్కు చూపిద్దామని బయలుదేరామండి. చూస్తాడో లేదో మరి, ఇంకా కళ్లు నిలపట్లేదు."

నేను ఆగకుండా నడుస్తాను. వెనకాల మా ఆయన ఎలక్ట్రిక్ కుక్కరు చంకలో పెట్టుకుని వస్తున్నాడు. విదేశాల్లో బయట తినలేమని కుక్కరూ, బియ్యం, గోంగూర పచ్చడి ఇంటి దగ్గరే సర్దుకొచ్చాడు. కుక్కరుకి కరెంటు లేదు, అయినా లోపల అన్నం ఉడుకుతోంది. "నెమ్మదిగా నడవవే, మెతుకు పలుకయిపోతోంది," అంటున్నాడు.

నేను చేరేసరికి బల్ల లేదు, వీరభద్రం గారూ లేరు. అక్కడ ఇనప గేటుంది. గేటు పక్కన ఎలుగుబంటి చెయ్యి చాపి నిలబడింది. లోపల తలకిందుల రైలు తిరుగుతోంది, అందులో ఎవరూ లేరు గానీ అరుపులు వినిపిస్తున్నాయి. టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి గేటుకి అడ్డంగా నిలబడింది.

"పాపకి ఎన్నేళ్లండీ?"

"తొమ్మిది," అంటాను. "ఫుల్ టికెట్ ఇవ్వండి."

ఏమీ జరగదు. పిల్ల నా భుజం మీద అంతే బరువుగా ఉంది.

"తొమ్మిదండీ. తొమ్మిది నిండి పదిలో పడింది."

"మీరు చెబితే ఇంక చెల్లదమ్మా," అంటుంది టోపీ అమ్మాయి, మర్యాదగానే. "మీరు చెప్పాల్సినవి చెప్పేశారు. పాపని చెప్పమనండి."

"దానికి మాటలు రావు కదమ్మా."

"వచ్చినప్పుడే చెబుతుందిలెండి. పార్కు మూసేలోగా చెబితే చాలు."

పార్కు మూసే పొద్దు కూడా ఈ పొద్దే. గేటు అవతల సెక్యూరిటీవాళ్లు అప్పుడే కుర్చీలు మడుస్తున్నారు. మా ఆయన కుక్కరు కింద పెట్టి నా పక్కకి వస్తాడు. ఆయన మొహంలో ఇప్పుడు నెత్తురు చుక్క లేదు. "ఏదో ఒకటి చెయ్యవే," అంటాడు చిన్నగా.

పిల్లని కింద నిలబెడతాను. తూలుతూ నిలబడి, నా మొహంలోకి చూస్తుంది. ఎవరు వయసడిగినా అది అలాగే చూస్తుంది. ఎప్పుడెంత చెప్పాలో నేను కళ్లతో సైగ చేసేదాన్ని. ఇప్పుడు నేను ఎలుగుబంటి వైపు తిరిగి నిలబడతాను.

"నీ ఇష్టం తల్లీ," అంటాను. "నేనేం చెప్పను. నీకెన్నో నువ్వే చెప్పుకో."

గేటు అవతల ఇంకో కుర్చీ మడిచిన చప్పుడవుతుంది. తరవాత మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంటాడు, నేను తిరిగి చూస్తాను. జోషిత ఒక వేలు ఎత్తింది. తరవాత రెండోది. వేలు లేచినప్పుడల్లా అది పెరుగుతోంది. నాలుగో వేలికి దానికి మాటలొస్తాయి. ఆరో వేలికి పళ్లూడతాయి, ఎనిమిదో వేలికి గట్టి పళ్లొస్తాయి. తొమ్మిదో వేలికి నా జోషిత నా ఎదురుగా నిలబడి ఉంది, గౌను సరిగ్గా సరిపోయింది, తల ఎలుగుబంటి అరచేతికి తగులుతోంది.

"చాలమ్మా," అంటాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను. "చాలు, సరిపోయింది, పద రైలెక్కుదువు గాని."

అది పదో వేలు ఎత్తుతుంది.

"తల్లీ, తొమ్మిదే కదా."

"నన్నే చెప్పుకోమన్నావు కదమ్మా," అంటుంది. కోపంగా అనదు. తన వేళ్లయిపోయాయని నా చెయ్యి తీసుకుని, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పుతుంది. అవీ అయిపోతే వాళ్ల నాన్న చెయ్యి తీసుకుంటుంది. దాని భుజాలు ఎలుగుబంటిని దాటతాయి. గేటుని దాటతాయి. టోపీ అమ్మాయి టోపీ పడిపోకుండా పట్టుకుని పైకి చూస్తూ, ఒక్కో వేలికీ ఒక్కో టికెట్టు చింపుతోంది.

ఎప్పుడు ఎక్కామో తెలీదు గానీ, ఇప్పుడు మేమిద్దరం రైల్లో ముందు పెట్టెలో కూర్చుని ఉన్నాం. ఇనప కడ్డీ మా ఒడి మీదికి దిగింది. రైలు జోషిత మణికట్టు చుట్టూ గాజులా తిరుగుతోంది. అది చెయ్యి ఎత్తితే మేం పైకి వెళ్తాం, దించితే తలకిందులవుతాం. దాని మొహం మబ్బుల్లో ఎక్కడో ఉంది, పెద్దదో ముసలిదో ఇక్కడి నుంచి తెలియడం లేదు.

కింది నుంచి టోపీ అమ్మాయి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మబ్బుల్లో ఉన్న జోషితని కేకేస్తుంది.

"అమ్మగారూ, ఆ ఇద్దరూ మీవాళ్లేనాండీ? వాళ్లకి ఎన్నేళ్లండీ?"

జోషిత చెయ్యి దాని మొహం దగ్గరికి వస్తుంది. రైలు ఆగుతుంది. చెరువంత కన్ను ఒకటి వంగి మొదట వాళ్ల నాన్నని చూస్తుంది, తరవాత నన్ను చూస్తుంది. ఎంత చెబితే గిట్టుబాటవుతుందా అని ఆలోచిస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎవరూ చెప్పకుండానే నేను మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, తల దించుకుని, వీలైనంత చిన్నగా కూర్చుంటాను.