ఏ చేత్తో ఎత్తింది?

హోటల్ లాండ్రీలో తడి దుప్పట్లు లాగుతూ లాగుతూ చిట్టికి కుడి భుజం కీలు జారింది. ఆ చేత్తో బరువు ఎత్తొద్దని డాక్టరు చీటీ రాసిచ్చాడు. అందుకని తువ్వాళ్లు మడతపెట్టే పనిలో ఉంచారు. ఆ పని పోతే మొగుడు లేని ఇంట్లో ఇద్దరు పిల్లల కడుపు మాడాల్సిందే. సూపర్‌వైజరుకేమో ఆమె కంట్లో నలుసు. "చెయ్యి నొప్పా, ఒళ్లు బద్ధకమా?" అని రోజూ దెప్పేవాడు. వాడి నోట్లో మన్ను పడ!

మిషన్ దగ్గర వదిన పనిచేసేది. ఎవరికి వదిన అంటే, అందరికీ. చిట్టి మోయాల్సిన మూటలన్నీ తనే మోస్తూ, "మహారాణివే, నువ్వు కూర్చో" అని నవ్వించేది.

ఆ పొద్దున తడిబట్టల బండి చక్రం ఊడి వదిన కాళ్ల మీదికి ఒరిగింది. చిట్టి ఆలోచించిందా ఏమన్నానా? ఒక్క ఉదుటున లేచి కుడిచేత్తోనే పట్టి ఆపింది. భుజంలో పుటుక్కుమంది. ప్రాణం పోయినంత పనైంది. పంటి బిగువున ఓర్చుకుని వెళ్లి మళ్లీ తువ్వాళ్ల ముందు కూర్చుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వదిన నోరు మంచిదే, కొంప ముంచింది కూడా అదే. సూపర్‌వైజరు కనబడగానే ఆమె సంబరం పట్టలేకపోయింది.

"దేవతండీ మా చిట్టి! అంత బండినీ ఒంటిచేత్తో ఎత్తేసింది. లేకపోతే నా కాళ్లు నుజ్జయ్యేవి!"

"ఏ చేత్తో?"

"కుడిచేత్తోనేనండీ!"

అన్నాక గానీ తనేమందో ఆ పిచ్చిదానికి తెలియలేదు. "అయ్యో, కాదండీ, ఎడమచెయ్యి..." అని నాలుక కరుచుకుంది.

"బండి ఎత్తే చేతికి చీటీ ఎందుకు? పద మిషన్ దగ్గరికి. లేకపోతే ఇంటికి" అన్నాడతను చిట్టితో.

వెళ్లింది. మొదటి దుప్పటి సగం లాగేసరికే చెయ్యి తోటకూర కాడలా వాలిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ లేవలేదు.

"నిజంగా రావట్లేదు సార్" అని అందరి ముందూ ఏడ్చింది.

"నాటకాలు చాలు. రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

గేటు దగ్గర వదిన పరుగున వచ్చి ఆమెను పట్టుకుంది. "నా నోరు పడిపోను! నన్ను కొట్టవే, తిట్టవే!" అని గుండెలు బాదుకుంది.

చిట్టి తిట్టలేదు. "ముందే తెలిసుంటే ఆ బండిని పట్టుకునేదాన్ని కాదు వదినా" అంది.

ఆ మాట నిజమే. అన్నందుకు ఆమెకు సిగ్గు కూడా వేయలేదు.