పక్క సీటు ముందు అంటించవలసినది

"కాఫీలిచ్చాక తడిగుడ్డ తెచ్చి రెక్కలు ఒకసారి తుడువు," అన్నాడు భర్త ఆమెతో. ఆరేళ్లుగా షెడ్డులో అతను కట్టుకుంటున్న రెండు సీట్ల విమానాన్ని తనిఖీ చెయ్యడానికి విమానయాన శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన సంతకం పెడితేనే అది గాల్లోకి లేచేది.

"మావాడు ఒంటిచేత్తో కట్టాడు బాబూ," అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా. ఆ మాట విన్నప్పుడల్లా కోడలికి ఒళ్లు మండేది. అతను బయటి నుంచి రేకుల్ని బిగించే రివెట్లు కొడుతుంటే, తోక లోపల ముడుచుకుని పడుకుని అవతలి వైపు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకున్నది ఎవరు మరి? సన్నగా ఉన్నందుకు ఆ ఇంట్లో ఆమెకు దక్కిన గౌరవం అదొక్కటే.

ఇన్‌స్పెక్టరు చేతిలోని టార్చి పక్కన పెట్టి, సంచీలోంచి హెచ్చరిక రాసిన చిన్న రేకు పలక తీశాడు. "ఇది పక్క సీటు ముందు అంటించాలి. ఇంట్లో కట్టిన విమానం, ఫ్యాక్టరీ విమానాలకుండే భద్రతా నిబంధనలన్నీ దీనికి లేవు అని ప్రయాణికులకి ఎక్కేముందే తెలియాలి."

భర్త నవ్వాడు. "ప్రయాణికులెవరూ లేరండీ. మా ఆవిడే."

"అయితే ఆవిడకి కనపడేలా అంటించండి."

ఆమె గుడ్డ పక్కన పడేసి పలక అందుకుంది. రెండుసార్లు చదివింది. పక్క సీటులో కూర్చోబోయే మనిషికి ముందుగా ఒక మాట చెప్పాలని ఏ ఆఫీసులో ఎవరికి తోచిందో? ఆడమనిషికా, మగవాడికా? తను ఈ ఇంటి గడప దాటి లోపలికి వచ్చిననాడు ఇలాంటి పలక ఎక్కడా కనపడలేదే. ఉద్యోగం మానేయమన్నప్పుడు "అన్నీ నేను చూసుకుంటాగా" అన్నాడు. తోకలో కొన్ని రివెట్లు వంకరగా దిగాయని చెప్పినప్పుడూ అదే మాట. పైగా, "రంగు వేస్తే ఎవరికి కనపడుతుంది?" అని కసురుకున్నాడు. వచ్చే ఆదివారం విమానం ఎగిరితే, ఆ తోకను నమ్ముకుని పైకి వెళ్లాల్సింది ఆమె కూడా.

"ఇది చదివాక ఎక్కనంటే?" అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"మానెయ్యండి. అందుకేగా రాసింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు, అందులో వింతేమీ లేనట్టు. కలం మూత తీసి భర్త వైపు తిరిగాడు. "నేను చూడాల్సింది ఇంకేమైనా ఉందా?"

"ఏమీ లేదండీ."

"ఉందండీ," అంది ఆమె. "ఆ టార్చి ఇలా ఇవ్వండి. తోక లోపల మా ఆయన పట్టరు. నేనే దూరాలి."