ఎర్ర బండి, బళ్లారి రోడ్డు

సురేంద్ర కారు కొంటానని మొదలుపెట్టినప్పటి నుంచి హేమావతికి ముద్ద దిగడం లేదు.

కొనడం గురించి కాదు ఆమె దిగులు. ఉరవకొండ అవతల గాలిమరల కంపెనీలో అతని పని. పొద్దున ముప్పై కిలోమీటర్లు బైకు మీద పోవాలి, సాయంత్రం మళ్లీ ముప్పై రావాలి. ఆషాఢం గాలి ఆ మిట్ట మీద ఎట్లా కొడుతుందంటే, లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా బైకు రోడ్డు దిగి పక్క చేలోకి పోతుందేమో అనిపిస్తుంది. అట్లాంటి మనిషి కారు కొనుక్కుంటానంటే కాదనేవాళ్లెవరు? నిత్యం డ్యూటీకి పోయి వచ్చే బండి పెట్రోలు తక్కువ తాగాలి, గుంతల్లో దాని కడుపు నేలకు తగలకూడదు, మోకాళ్ల నొప్పులున్న అత్త తిప్పమ్మ సులువుగా ఎక్కి కూర్చోవాలి. అంతే కదా.

సురేంద్ర మాత్రం మూడు నెలలుగా ఫోన్‌లో ఒకే బండిని తిప్పి తిప్పి చూస్తున్నాడు. గుంతకల్లులో పాత కార్లమ్మే పాపన్న దగ్గరుంది అది. పొట్టిగా, నేలకు కరుచుకున్నట్టు ఉండే ఎర్ర బండి. టర్బో ఇంజనంట.

"సున్నా నుంచి నూరుకు పది సెకన్లు" అన్నాడొకనాడు అన్నం తింటూ.

"నూరుకు పోయి ఏంజేస్తావురా? నువ్వు పోయేలోపల గాలిమర యాడికన్నా పారిపోతాదా?" అంది తిప్పమ్మ. "కూసుంటే గుంతలో కూసున్నట్టుంటాది దాంట్లో. నన్ను ఎత్తేదానికి ఇంగో ఇద్దరు రావల్ల."

సురేంద్ర మళ్లీ ఫోన్‌లోకి తల వంచాడు. ఆ బండి ఎందుకో అతను ఎవరికీ చెప్పలేదు. హేమావతికి చెప్పనక్కరలేదు.

ఏడాదిన్నర కిందట వాళ్ల కొడుకు విష్ణువర్ధన్, పది నెలల వాడు, బళ్లారి ఆస్పత్రి గేటు దాటిన కాసేపటికే పోయాడు. "ఒక గంట ముందు తెచ్చివుంటే ఏమైనా చేసేవాళ్లం" అన్నాడు డాక్టరు, ఎవరి మొహమూ చూడకుండా. వాళ్లు వెళ్లింది ఈశ్వరప్ప ఆటోలో. సురేంద్ర ఎదురొచ్చి ఎక్కిన విడపనకల్లు క్రాసు నుంచి ఆస్పత్రికి నలభై కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో డీజిలు కోసం ఒకచోట ఆగాడు ఈశ్వరప్ప. సురేంద్రకు లెక్క అక్కడే తేలిపోయింది. కొడుకు గంటను ఆటో తినేసింది. దినాలు కాకముందే టీ అంగడి దగ్గర పదిమందిలో ఈశ్వరప్ప గల్లా పట్టుకున్నాడు. ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు. ఆనాటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఆ గంటను తిన్నది ఆటో కాదు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు పక్క ఊళ్లో పసిపిల్లలకు పసరు పోసే తిమ్మక్క. ఆమె నిరుడు కన్నుమూసింది. ఇక మిగిలింది హేమావతి.

ఆ పొద్దు అత్త ఊళ్లో లేదు, సురేంద్ర డ్యూటీకి పోయినాక బిడ్డకు ఆయాసం మొదలైంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పీక్కుపోతోంది. పక్కలెగరేస్తోందంటే పసరు పోయించాలని హేమావతి చిన్నప్పటి నుంచి విన్నది. మొగునికి ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది. అంతకు ముందు నెలలో ఒట్టి జలుబుకే భయపడి ఫోన్ చేసి, గాలిమర పైనున్న మనిషిని కిందికి దింపించింది. సూపర్‌వైజరు నలుగురిలో ఎగతాళి చేశాడని ఆ రాత్రి సురేంద్ర చిన్నబుచ్చుకున్నాడు. అందుకే ఈసారి బిడ్డను ఎత్తుకుని తిమ్మక్క దగ్గరికి నడిచింది. తిమ్మక్క పసరు పోసి, "పొద్దు తిరిగేదాకా పొలిమేర దాటియ్యగాకు. దాటితే పసరు విరిగిపోతాది" అంది.

మధ్యాహ్నం సురేంద్రే ఫోన్ చేశాడు. "పిల్లోడేం జేస్తాండాడు?"

"పండుకున్నాడు" అంది హేమావతి, ఒళ్లో ఎగపోస్తున్న బిడ్డను చూస్తూ.

గడప మీద నీడ జరిగేదాకా కూర్చుంది. నీడ జరిగింది. బిడ్డ పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు ఫోన్ చేసింది.

ఆ సంగతి మొగునికి చెప్పాలని ఎన్నిసార్లో అనుకుంది. కర్మకాండలు అయినాక చెబుదామనుకుంది. అంతలో నెల తప్పింది. కాన్పు కానీ అనుకుంది. ఆడపిల్ల పుట్టింది, ఇప్పుడు ఆ ఆశ్రితకు నాలుగో నెల. పిల్ల నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూడందే హేమావతి పక్క గదిలోకి పోదు. ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు కాబట్టి తనకు ఏమీ తెలియలేదని ఒక్కోసారి సర్దిచెప్పుకునేది. పండుకున్నాడని చెప్పకూడదని తెలియడానికి ఎన్నో తరగతి చదవాలని మళ్లీ తనే అడుక్కునేది. ఇప్పుడు ఆ ఎర్ర బండి ఇంటి ముందుకొచ్చి నిలబడితే, సురేంద్ర దాన్ని చూసిన ప్రతిసారీ ఆటోనే తిట్టుకుంటాడు. తను పక్కన నిలబడి వినాలి. అదొక్కటే కాదు. ఆ వేగంలో ఈ మనిషి ఏ లారీ కిందికో పోతే?

ఆదివారం బస్సెక్కి గుంతకల్లు పోయారు, చంటిపిల్లను ఎత్తుకుని. పాపన్న యాభై దాటిన మనిషి. ఏ మాటనైనా నవ్వుతూ మొదలుపెడతాడు.

"రామ్మా, రా. ఇంట్లో మాట నెగ్గేది నీదా ఆయప్పదా, అది చెప్పు ముందు. దాన్ని బట్టి బండి చూపిస్తా."

హేమావతి ఎత్తుగా ఉన్న ఒక తెల్ల బండి దగ్గర ఆగింది. తలుపు తెరిచి కూర్చుంటే కాళ్లు చాపుకునేంత చోటుంది.

"ఇదైతే అత్త గూడా ఎక్కుతాది మామా" అంది సురేంద్రతో.

"చూడప్పా, ఆయమ్మ చెప్పేది నిజమే" అన్నాడు పాపన్న. "దినామూ డ్యూటీకి పోయేవానికి అదే మేలు. ఎర్రది ఊరికే తొక్కితే పెట్రోలు నీళ్ల మాదిరి తాగతాది. సీట్లు గట్టి. మీ ఊరి స్పీడుబ్రేకర్లకు అడుగు గీసుకుంటాది. నాకు రెండూ అమ్ముడుపోవాల్సినవే, నేనెందుకు అబద్ధం జెప్పల్ల?"

"ఎర్రది ఒకసారి నడిపి చూస్తానన్నా" అన్నాడు సురేంద్ర. "బళ్లారి దాకా."

"బళ్లారా? టెస్ట్ డ్రైవంటే ఆ వంకదాకా పోయి రావడం. నువ్వు రాష్ట్రం దాటిస్తానంటావే."

"పెట్రోలు దుడ్లు నేనిస్తా."

పాపన్న అతని మొహం చూశాడు. తాళం తెచ్చి, ముందు సీట్లో పక్కన కూర్చున్నాడు. హేమావతి పిల్లతో వెనక కూర్చుంది. వీపు కిందికి జారినట్టయింది. కిటికీ అంచు భుజం దాకా వచ్చింది.

విడపనకల్లు క్రాసు దాకా మామూలుగానే నడిపాడు. అక్కడ బండి పక్కకాపి, ఫోన్ తీసి, టైము పెట్టాడు. అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. హేమావతి ఆ అంకెలకేసి చూసింది. అతను ఏం కొలుస్తున్నాడో అర్థమైంది.

"తొక్కినాక ఒక చిటిక ఆలోచిస్తాది, తర్వాత ఎనకనుంచి ఎవరో తోసినట్టు పోతాది. భయపడగాకు" అన్నాడు పాపన్న.

అన్నట్టే పోయింది. ఇంజను ఒక్క క్షణం గుక్క తిప్పుకున్నట్టు ఆగి ఉరికింది. హేమావతి తల సీటుకు ఆనుకుపోయింది. పిల్లను రెండు చేతులా రొమ్ముకు అదుముకుంది. వాన లేక నెర్రెలిచ్చిన నల్ల భూములు, ఎండిన మిరప కట్టె, దూరాన నిదానంగా తిరుగుతున్న గాలిమరలు అన్నీ వెనక్కి జరిగిపోతున్నాయి. ఆ పొద్దు ఇదే రోడ్డు మీద ప్రతి చింతచెట్టునూ లెక్కపెట్టింది ఆమె. ఇప్పుడు ఒక్కదాన్నీ కంటితో పట్టుకోలేకపోతోంది. ఒక స్పీడుబ్రేకరు మీద అడుగున గర్రుమని గీసుకుంది.

"అప్పా, బండి ఇంగా నాదే" అన్నాడు పాపన్న.

ఈశ్వరప్ప డీజిలు పోయించుకున్న బంకు వచ్చింది, పోయింది. సురేంద్ర అటు చూడలేదు. కర్ణాటక బోర్డు దాటారు. ఊళ్లోకి వచ్చాక బస్సుల మధ్య సందులు దూరి, సిగ్నలు దాటి, ఆస్పత్రి గేటు ముందు ఆపాడు. ఫోన్ నొక్కాడు.

"ఇంజను ఆఫ్ చేయగాకు" అన్నాడు పాపన్న దిగుతూ. "ఉరికించినావు గదా, ఒక రెండు నిమిషాలు అట్లనే తిరగనీ. టర్బో చల్లారల్ల. నేను టీ తాగొస్తా, నా గుండె గూడా చల్లారల్ల."

తలుపు మూసుకుంది. ఇంజను సన్నగా తిరుగుతోంది. సురేంద్ర ఫోన్‌ను వెనక్కి చాపి చూపించాడు.

"మేయ్, ముప్పైనాలుగు నిమిషాలు" అన్నాడు. "ఆ పొద్దు ఇది ఉండింటే..."

స్టీరింగు మీద తల ఆనించాడు. వీపు కదులుతోంది. కొడుకును గుంతలో పెట్టినప్పుడు గూడా ఏడవని మనిషి. హేమావతి చేయి చాపింది, అతని భుజం మీద వేయలేక మళ్లీ వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఈ బండి తమ ఇంటికొస్తుంది. వచ్చినాక ఇక ఎన్నటికీ చెప్పలేదు.

"మామా, ఇది ఉండినా అంతే" అంది.

"ఏందీ?"

"ఆలస్యమైంది ఆటోతో కాదు. నాతోని."

అతను తల ఎత్తాడు. వెనక్కి తిరగలేదు. ముందు అద్దంలో అతని కళ్లు కనబడుతున్నాయి. ఆమె వాటివైపు చూడకుండా, పిల్ల కుచ్చుటోపీ అంచు సర్దుతూ చెప్పింది. పొద్దున ఏ వేళకు ఆయాసం మొదలైందో, తిమ్మక్క ఏమన్నదో, గడప మీద నీడ కోసం ఎంతసేపు కూర్చుందో, అన్నీ వరసగా చెప్పింది. ఏడుపు రాలేదు. పాఠం అప్పజెప్పినట్టు మాటలు వచ్చాయి.

సురేంద్ర అడిగాడు. "నేను ఫోన్ జేసినప్పుడు?"

"ఒళ్లో ఉండె. పక్కలెగరేస్తాండె."

"పండుకున్నాడంటివే."

"అంటి."

అరుస్తాడనుకుంది. దిగిపొమ్మంటాడనుకుంది. అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రి గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. లోపలికి పోయేవాళ్లు పోతున్నారు.

"ఈశ్వరప్ప గల్లా పట్టుకుంటి నేను" అన్నాడు చివరికి. "పదిమందిలో."

తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది.

పాపన్న వచ్చేసరికి సురేంద్ర దిగి డ్రైవరు పక్క సీటు దగ్గర నిలబడి ఉన్నాడు. "నువ్వు నడుపన్నా" అని తాళం ఇచ్చాడు. పాపన్న ఇద్దరి మొహాలూ చూశాడు. మొగుడు పెళ్లాలు రంగు దగ్గరో ధర దగ్గరో మాటామాటా అనుకున్నారనుకుని, ఊరు దాటేదాకా ఏసీ గొప్పతనం చెప్పుకుంటూ వచ్చాడు.

"అయితే ఏమప్పా, ఎర్రదేనా?"

"తెల్లదే రాసియ్యన్నా."

"అదేందప్పా. మూడు నెలల్నుంచి దీనికోసం నా తల తింటివి గదా."

"డ్యూటీకి పోయి వచ్చేదానికి అది చాల్లే."

ఆ మాట కోసమే మూడు నెలలుగా హేమావతి కాచుకుంది. వినగానే పిల్లను ఇంకా దగ్గరికి పొదువుకుంది. తనకు కావలసిన బండి వచ్చింది. ఇప్పటిదాకా ఈ మనిషికి తిట్టుకోవడానికి ఒక ఆటో ఉండేది. దాన్ని తను లాగేసుకుంది. ఇక అతనికి మిగిలింది తనే. రేపు పొద్దున తను పోసిన నీళ్లు తాగి, తను కట్టిన సద్ది తీసుకుని పోవాలి. మాట్లాడతాడో లేదో.

ఒళ్లో పిల్ల దగ్గింది. కాసేపాగి మళ్లీ దగ్గింది.

"ఏమైంది?" అన్నాడు సురేంద్ర, ముందుకే చూస్తూ.

"ఏం లేదు" అంది హేమావతి.

అలవాటుగా వచ్చేసింది ఆ మాట. సురేంద్ర సీటు బెల్టు విప్పుకున్నాడు. సీటులో వెనక్కి మళ్లి, ఆమె మొహం చూడకుండా, చేయి చాపి పిల్ల గౌను పైకెత్తాడు. పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి అట్లాగే ఉంచాడు. గాలిమర బోల్టులు తిప్పి కాయలు కాసిన చెయ్యి. దాని కింద పిల్ల రొమ్ము లేచి పడుతోంది. తన మాట మీద ఇక ఈ మనిషి దేన్నీ నమ్మడని హేమావతికి అర్థమైంది. నమ్మాల్సిన పనీ లేదు.

"రెండుసార్లు దగ్గినాది" అంది. "ఇప్పుడే మొదలైంది, పొద్దున్నించి లేదు. ఒళ్లు కొంచెం వెచ్చగుండాది. పక్కలు ఎగరేయడం లేదు. నేను చూస్తానే ఉండా."

సురేంద్ర చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంచి తీశాడు. గౌను కిందికి లాగాడు.

"అన్నా, బండి తిప్పు" అన్నాడు.

"యాడికి?"

"ఆస్పత్రికి."

"ఏసీ గాలికి దగ్గుంటాది లేప్పా. దీనికి మళ్లీ బళ్లారి పోవల్లనా? మీ ఊర్లో నర్సమ్మ..."

"తిప్పన్నా. నిదానంగానే పోనీ."

పాపన్న ఏసీ కట్టేసి, రోడ్డు మధ్య దారి దొరికినచోట బండి తిప్పాడు. ఎదురెండ కళ్లలో పడింది. హేమావతి పిల్ల మొహానికి కొంగు అడ్డం పెట్టింది.

"ఇంగోసారి దగ్గినాది" అంది కొంత దూరం పోయాక.

"ఊ" అన్నాడు సురేంద్ర.

"కండ్లు దెరిచి చూస్తాంది."

"ఊ."

"పాలకు ఎతుకుతాంది."

"ఇయ్యి."

అతను ఒక్కసారి గూడా వెనక్కి తిరగలేదు. ఆమె ఆపలేదు. గేటు కనబడేదాకా పిల్ల ఏం చేస్తే అది చెబుతూనే ఉంది.