లోయకు ఇవతలి గట్టు

ఆర్టీసీలో పనిచేసినంత కాలం నాగమల్లేశ్వరరావు బస్సు తోలింది చదును నేల మీదే. రేపల్లె నుంచి తెనాలి, లేదంటే బాపట్ల. ఎటు చూసినా వరిచేలు, కాలవలు. రిటైరయ్యాక సొంత కారు కొనుక్కుని, కొండలూ లోయలూ ఉన్న రాళ్ల సీమలో తోలాలని ఆయన కోరిక. కారైతే కొన్నాడు. ఆ ఏడే షుగరు కళ్లకెక్కింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు.

అందుకే గండికోట ప్రయాణంలో ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. తోలేది కూతురు నాగదుర్గ. తెనాలిలో రక్తపరీక్షల ల్యాబులో పని ఆమెకు. శనివారం డ్యూటీ దిగి బయల్దేరి, ఒంగోలులో పడుకుని, ఆదివారం కోట చూసి, సోమవారం పొద్దుటికల్లా తిరిగి డ్యూటీలో ఉండాలని లెక్క.

ప్రొద్దుటూరు దాటాక పచ్చదనం పోయింది. బండలు, ముళ్లకంపలు, నీటిచుక్క లేని వాగులు. జమ్మలమడుగు దగ్గర ఫోనుకి సిగ్నల్ పోయింది. కాస్త ముందు దారి రెండుగా చీలింది.

"ఎవర్నన్నా అడుగుదాం నాన్నా," అంది నాగదుర్గ.

"అడిగేదేంటి? బోర్డు చూశా. ఎడమకి తిప్పు."

ఆమె తిప్పింది. తారు రోడ్డు కంకరయింది, కంకర బండలయింది. కింద రాయి గీరుకున్నప్పుడల్లా ఆయన ప్రాణం చివుక్కుమనేది. "గేరు తగ్గించు. స్టీరింగు కుడికి కొయ్యి. అట్టా కాదు," అంటూనే ఉన్నాడు. ఆమె పళ్లు బిగించి తోలింది. చివరికి దారే అయిపోయింది.

దిగి చూస్తే ఎదురుగా లోయ. ఎర్రటి రాతిగోడలు నిట్టనిలువుగా దిగిపోయాయి. అడుగున పెన్నా సన్నగా, పచ్చగా పారుతోంది. కోట అవతలి గట్టున ఉంది. దాని బురుజుల మీద తిరిగే మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. మధ్యలో వంతెన లేదు.

నాగదుర్గ బండ మీద కూలబడింది. "బోర్డు మీద ఏం రాసుందో నిజంగా చదివావా నాన్నా?"

బోర్డు ఉన్న మాట నిజం. బాణం ఎడమకే ఉందని ఆయనకి అనిపించింది. అనిపించడమే తప్ప అక్షరాలు అలుక్కుపోయాయని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఏళ్ల తరబడి కలగన్న లోయ కళ్ల ముందుంటే, అటు చూడబుద్ధి కాలేదు.

"తాళం ఇటియ్యి, నేను వెనక్కి తీస్తా," అన్నాడు.

"వద్దు."

"ఈ బండల్లో నీ వల్ల కాదు."

"బోర్డే కనపళ్లేదు నీకు. లోయ అంచున కారెట్టా ఇస్తాను?"

ఆ మాటకి ఆయన ముఖం పాలిపోయింది. ఆమె కూడా అన్నాక నాలుక కరుచుకుంది. ఆమె స్టీరింగు ముందు కూర్చుంటే, ఆయన కారు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లపాటు బస్టాండులో కండక్టర్లు తనకు చేసిన పని ఇప్పుడు ఆయన చేస్తున్నాడు.

"రానీ... రానీ... ఆపు. కొంచెం కుడికి."

అడుగడుగునా వంగి, రాళ్లు చేత్తో తడిమి చెప్పాడు. కోపం తగ్గలేదు, గొంతులో వినిపిస్తూనే ఉంది. ఆమె చెప్పినట్టే తిప్పింది. చదును చోటికి చేరేసరికి ఇద్దరూ చెమటతో తడిసిపోయారు, పొద్దు వాలిపోయింది. కోటకి వెళ్లే వేళ కాదిక.

జమ్మలమడుగులో టీ తాగుతుంటే సిగ్నల్ వచ్చింది. నాగదుర్గ ల్యాబుకి ఫోన్ చేసింది. "రేపు రాలేనండి. అవునండి, తెలుసు. మీరేమన్నా పడతానండి."

ఆయన గ్లాసు దించాడు. "నన్నడక్కుండా ఎందుకు చెప్పావు? పద, ఇంటికెళ్దాం."

"రేపు పొద్దున్నే కోటకెళ్తున్నాం."

"నేను రాను."

"వస్తావులే," అని ఆమె ఇంకో టీ చెప్పింది.

ఆయన తల అటు తిప్పుకుని కూర్చున్నాడు కానీ, లేచి వెళ్లలేదు.